టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్ మొదటి ఆటను మించిందా?

నడకదారి:
నింటెండో వారి జెల్డా వీడియో ఆటల్లో, 2017 మార్చిలో వచ్చిన బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌కు కొనసాగింపుగా 2023 మేలో టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్ వచ్చింది. రెండోది అన్ని విధాలా మొదటిదాన్ని మించిందనే మాట ఈ వేదికలో ఎవరూ ప్రశ్నించకుండానే స్థిరపడిపోయింది. నేను దానితో ఏకీభవించను. కథలోని రహస్యాలు బయటపెట్టకుండా ఈ చర్చ సాగదు కనుక, రెండు ఆటలూ పూర్తి చేయనివారు ఇక్కడితో ఆగడం మంచిది.

మొదటి ఆటలో, ఆట మొదలయ్యే గ్రేట్ ప్లాటో అనే పీఠభూమి దిగిన తర్వాత ఎదురయ్యే ప్రతి కొండా మనల్ని ఒక ప్రశ్న అడుగుతుంది. పైదాకా స్టామినా (ఎక్కే ఓపిక) సరిపోతుందా, మధ్యలో నిలబడడానికి గట్టు ఎక్కడైనా ఉందా, వాన మొదలైతే ఎక్కడ తలదాచుకోవాలి, మంచులో ఏం తొడుక్కోవాలి అని మనమే లెక్క వేసుకోవాలి. లనేరు పర్వతాన్ని ఇలా లెక్కలు వేసుకుంటూ ఎక్కి, శిఖరం మీద చీడ పట్టిన నైడ్రా డ్రాగన్‌ను మొదటిసారి చూసినప్పుడు, అంతసేపు ఎక్కినందుకు ఆ పర్వతమే నాకు ప్రతిఫలం ఇచ్చినట్టు అనిపించింది. రెండో ఆటలో, కథ జరిగే అదే హైరూల్ రాజ్యంలో, రెండు ఫ్యాన్లు, ఒక కంట్రోల్ స్టిక్ అతికించుకుని ఏ శిఖరానికైనా నేరుగా ఎగిరిపోవచ్చు. ఒకసారి కట్టినదాన్ని మళ్లీ కట్టిపెట్టే ఆటోబిల్డ్ శక్తి దొరికాక, హోవర్‌బైక్ అని పిలిచే ఆ యంత్రానికి అయ్యే ఖర్చు తొమ్మిది జోనైట్ రాళ్లు మాత్రమే. అన్ని కొండలనూ ఒకే సమాధానంతో దాటించే ఆట మొదటి ఆటకంటే మెరుగైనదని నేను అనలేను.

మంచుశిఖరం:
వానలో కొండ ఎక్కుతూ జారిపోయిన ప్రతిసారీ నాకు మొదటి ఆట మీద విసుగే పుట్టింది కనుక నా ఓటు రెండోదానికే.

యంత్రశాల:
నడకదారి గారూ, ఇంత పెద్ద ఆటను మీరు ఒక్క హోవర్‌బైక్‌కు కుదించారు. వస్తువులను ఎత్తి అతికించే అల్ట్రాహ్యాండ్, ఆయుధానికి మరో వస్తువు కలిపే ఫ్యూజ్, పైకప్పు గుండా పైకి చేర్చే అసెండ్, వస్తువును వచ్చిన దారినే వెనక్కి నడిపే రీకాల్ అనే నాలుగు శక్తులు కలిసి ఏం చేశాయో ముందు చూడాలి. మొదటి ఆటలోని శక్తులు, అంటే లోహాన్ని ఎత్తే మ్యాగ్నెసిస్, వస్తువును కాసేపు ఆపేసే స్టేసిస్, నీటిపై మంచుదిమ్మలు లేపే క్రయోనిస్, రిమోట్ బాంబులు మంచివే, కానీ వాటితో చేయగలిగే పనులు కొన్నాళ్లకు అయిపోతాయి. ఇనుప పెట్టెను ఎత్తి పక్కన పెట్టడానికీ, నాలుగు దుంగలకు చక్రాలు అతికించి మన ఆలోచనను కళ్లముందు నడిపించడానికీ మధ్య చాలా దూరం ఉంది. వంతెన లేనిచోట ఒకరు పొడవాటి పలకలు కలుపుతారు, ఇంకొకరు రాకెట్ కట్టిన తెప్ప ఎక్కుతారు, మరొకరు ఆకాశం నుంచి పడిన రాయి మీద నిలబడి రీకాల్‌తో పైకి వెళ్లి అక్కడినుంచి గాలిలో జారుతూ దిగుతారు. మూడు మార్గాలనూ ఆట ఆదరిస్తుంది.

ఫ్యూజ్ సంగతి వేరే చెప్పాలి. మొదటి ఆటలో కత్తులు విరిగిపోతాయి కనుక శత్రువుల శిబిరం కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్లడమే తెలివైన పని. పోరాటంలో పోగొట్టుకునే ఆయుధాలకంటే అక్కడి పెట్టెలో దొరికేది తరచుగా తక్కువ విలువైనదిగా ఉండేది. రెండో ఆటలో శత్రువు కొమ్మే మన తర్వాతి ఆయుధం. బలమైన శత్రువును ఓడిస్తే బలమైన కొమ్ము దొరుకుతుంది, దాన్ని తుప్పు పట్టిన కత్తికి అతికిస్తే ఆ కత్తికి మళ్లీ ప్రాణం వస్తుంది. కొట్లాటకు ఒక కారణం దొరికింది. మొదటి ఆటలోని అతిపెద్ద లోపాన్ని ఇంత శుభ్రంగా సరిదిద్దిన కొనసాగింపును నేను మరొకటి చూడలేదు.

పాతలాంతరు:
నేను 1998లో వచ్చిన ఒకరీనా ఆఫ్ టైమ్ కాలం నుంచి ఈ ఆటలు ఆడుతున్నాను, కాబట్టి గుడుల దగ్గర మొదలుపెడతాను. బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లోని గుడుల స్థానంలో ఉన్న నాలుగు డివైన్ బీస్టులు, అంటే భారీ జంతు యంత్రాలు, లోపల దాదాపు ఒకేలా ఉంటాయి, వాటి చివర వచ్చే ప్రధాన శత్రువు గానన్ రూపాలు కూడా ఒకదానికొకటి దగ్గరి చుట్టాలే. టియర్స్‌లోని విండ్ టెంపుల్‌కు ట్యూలిన్ అనే పక్షిజాతి కుర్రాడితో కలిసి, గాలిలో తేలే పడవల మీద ఎగురుకుంటూ మంచుతుఫాను మధ్యకు చేరడం, అక్కడ కోల్గెరా అనే రాక్షసితో ఆకాశంలో తలపడడం వాటన్నిటికంటే ఎంతో పై స్థాయిలో ఉన్నాయి. ఈ విషయంలో మెరుగుదల ఉందని నిస్సందేహంగా చెప్పవచ్చు.

కథ చెప్పే తీరు మాత్రం దిగజారింది. మొదటి ఆటలో జ్ఞాపకాలను ఏ వరసలో చూసినా నష్టం లేదు, ఎందుకంటే అవి నూరేళ్ల కిందట జరిగిపోయినవి. రెండో ఆటలో నేలమీద గీసిన బొమ్మల దగ్గర దొరికే కన్నీటి జ్ఞాపకాలకు ఒక వరస ఉంది, కానీ ఆ వరస తెలిసే గోడ ఫర్‌గాటెన్ టెంపుల్‌లో ఉంది. నేను తోచిన దారిన తిరుగుతూ, యువరాణి జెల్డా శక్తినిచ్చే రహస్యశిలను మింగి డ్రాగన్‌గా మారే ఘట్టాన్ని చాలా ముందుగా చూశాను. ఆ తర్వాత నాలుగు ప్రాంతాల్లోనూ జనం జెల్డా కనిపించిందని చెబుతుంటే, అన్నీ తెలిసిన మన వీరుడు లింక్ నోరు విప్పకుండా ఆ నకిలీ జెల్డా వెంట పడుతూనే ఉన్నాడు. దానికి తోడు, ప్రతి గుడి చివరా ఒక పూర్వఋషి వచ్చి పూర్వం జరిగిన అదే బంధన యుద్ధం గురించి దాదాపు అవే మాటలతో చెబుతాడు. ఏ గుడికి ముందు వెళ్తామో తెలియదు కనుక అలా రాశారని కొందరు సమర్థిస్తారు. ఏ గుడికి ముందు వెళ్లినా ఒక్కొక్కరు కొత్త ముక్క చెప్పేలా రాయడం అసాధ్యమేమీ కాదు.

తెరచాప:
మొదటి మూడు రోజుల్లోనే ప్రపంచవ్యాప్తంగా కోటి ప్రతులు అమ్ముడైన ఆట గురించి ఇంకా వాదన దేనికో నాకు అర్థం కాలేదు.

పాతలాంతరు:
తెరచాప గారూ, మొదటి మూడు రోజుల్లో కొన్నవారు ఆ ఆటను ఆడి కొనలేదు, దాని ముందుదాన్ని ఆడి కొన్నారు. మీ లెక్క బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌కే సాక్ష్యం చెబుతోంది.

నడకదారి:
యంత్రశాల గారు నాలుగు శక్తుల గురించి చక్కగా రాశారు, కానీ నా ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. మళ్లీ అడుగుతాను. వంతెన లేనిచోట మూడు మార్గాలున్నాయని అన్నారు. హోవర్‌బైక్ చేతికి వచ్చాక ఆ మూడు మార్గాల్లో ఏదైనా మీరు ఎన్నిసార్లు వాడారు? ఈ వేదికలో ఎవరైనా ఫలానా ష్రైన్‌కు, అంటే చిక్కుముడి ఉండే చిన్న పరీక్షాలయానికి, దారి ఏమిటని అడిగితే ఇప్పుడు వచ్చే జవాబు ఒక్కటే: ఎగిరి వెళ్లండి. స్వేచ్ఛ పేరుతో వచ్చిన ఈ యంత్రం మిగిలిన స్వేచ్ఛలన్నిటినీ మింగేసింది.

ఇందులో ఆటను తయారుచేసినవారి బాధ్యత ఉంది. జోనాయ్ అనే ప్రాచీన జాతి పరికరాల్లో ఒకటైన రెక్క మీద కూర్చుని ఎగిరితే కొద్దిసేపటికే అది మినుకుమినుకుమంటూ మాయమవుతుంది. అంటే ఎగరడానికి హద్దు ఉండాలని వారికి తెలుసు. అదే హద్దును ఫ్యాన్‌కు ఎందుకు పెట్టలేదు? ఈ ఒక్క నియమం లేకపోవడం వల్ల హైరూల్ ఉపరితలం అంతా కిందనుంచి జారిపోయే దృశ్యంగా మారింది. కొత్త ఆట ఎలా పుట్టిందో కూడా గుర్తుచేసుకోవాలి. మొదటి ఆటకు అదనపు భాగాల కోసం వచ్చిన ఆలోచనలు ఎక్కువైపోవడంతో వాటిని కొత్త ఆటగా మలచామని నిర్మాత ఎయిజి ఆఒనుమా 2019లోనే చెప్పారు. ఆ పుట్టుక ఆటలో కనిపిస్తూనే ఉంది. పాత నేల మీద కొత్త పరికరాలు పరిచారు, కానీ ఆ పరికరాలకు తగినట్టు నేలను మళ్లీ తీర్చిదిద్దలేదు.

యంత్రశాల:
రెక్కకు హద్దు పెట్టడానికి కారణం ఉంది. రెక్క బ్యాటరీ వాడకుండానే బరువు మోస్తూ జారుతుంది, అందుకే దానికి కాలపరిమితి పెట్టారు. ఫ్యాన్ బ్యాటరీని తింటుంది కనుక బ్యాటరీయే దాని హద్దు. మొదట్లో మనకు ఉండే ఒక్క బ్యాటరీతో హోవర్‌బైక్ ఎక్కి ఒక పెద్ద కొండ దాటి చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం.

నేలను తీర్చిదిద్దలేదన్న మాట కూడా సరికాదు. గుహలు, బావులు, ఆకాశ దీవులు, నేలకింది చీకటిలోకమైన డెప్త్స్ అన్నీ కొత్తవే. మొదటి ఆటలో ఈవెంటైడ్ దీవి మీద మన వస్తువులన్నీ లాగేసుకుని పరీక్ష పెట్టేవారు, అందరూ మెచ్చుకున్నారు. రెండో ఆటలో ఆ దీవిని సముద్రదొంగలకు అప్పగించి, ఆ పరీక్షను కొన్ని ష్రైన్‌లలోకి విస్తరించారు. ఉన్న ష్రైన్‌లు 120 నుంచి 152కు పెరిగాయి. పాతవాటిని తిప్పి చూపించారని మీరు అనడం న్యాయం కాదు.

నిశాచరి:
డెప్త్స్ మాట వచ్చింది కనుక ఒక్క సంగతి చేరుస్తాను. రెండో ఆటలో నేలమీద ఉన్న 120 ష్రైన్‌లలో ప్రతి ఒక్కదాని కింద సరిగ్గా ఒక లైట్‌రూట్ (చీకటిని వెలిగించే వేరు) ఉంటుంది, పైన కొండలున్న చోట కింద లోయలుంటాయి, పైన నీళ్లున్న చోట కింద గోడలు లేస్తాయి. పై మ్యాప్ బాగా తెలిసినవారికి చీకట్లో దారి దొరుకుతుంది. మొదటి ఆటను ప్రేమించినవారికి ఇంతకంటే పెద్ద గౌరవం ఏ కొనసాగింపూ ఇవ్వలేదని నేను నమ్ముతున్నాను.

చుక్కాని:
గౌరవం ఉంది, కానీ ఆ చీకటి సగం కాలేసరికి అన్ని చోట్లా అవే శిబిరాలు, అవే గనులు కనిపించి నేను అలసిపోయాను.

నడకదారి:
మొదట్లో ఒక్క బ్యాటరీతో వెళ్లలేమన్నది నిజమే. కానీ బ్యాటరీలు పెరిగాక ఆ హద్దు పూర్తిగా పోతుందన్నదీ నిజమే. మొదటి ఆటలో స్టామినా చక్రం ఎంత పెరిగినా వాన హద్దుగానే మిగిలింది. జోరా రాజ్యానికి వెళ్లే దారి గుర్తుచేసుకోండి. వా రూటా అనే డివైన్ బీస్ట్ కురిపించే ఎడతెగని వానలో కొండ ఎక్కడం కుదరదు కనుక నది వెంబడి నడిచే తీరాలి, అలా నడిచినందువల్లే ఆ రాజ్యం మొదటిసారి కనిపించినప్పుడు అంత గొప్పగా ఉంటుంది. వానలో జారడం లోపమని మంచుశిఖరం గారు అన్నారు. నాకు ఆటలో అన్నిటికంటే విలువైనది అదే.

ఇక సూటిగా చెబుతాను. యంత్రం మీద హెబ్రా మంచుకొండలు దాటినవారు హెబ్రాను చూడలేదు. వారు ఆటను ఆడలేదు, దాటేశారు. కష్టపడకుండా చేరిన శిఖరం గురించి ఇక్కడ పుటలకు పుటలు రాసి, అది మెరుగైన ఆట అని తీర్పు చెప్పడం నాకు బాధ కలిగిస్తోంది.

యంత్రశాల:
ఇంతవరకు నేను ఓర్పుగా రాశాను. ఈ మాట తర్వాత అలా రాయలేను.

కొన్నేళ్ల కిందట జరిగిన ఒక ప్రమాదంలో నా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు చాలావరకు పట్టు కోల్పోయాయి. సరైన క్షణంలో బటన్ నొక్కడం నాకు కుదరదు. బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో గార్డియన్ అనే శత్రుయంత్రం వదిలే కిరణాన్ని డాలుతో తిప్పికొట్టాలంటే ఆ క్షణం కుదరాలి, లైనెల్ అనే బలమైన రాక్షసుడి దెబ్బ తప్పించుకుని ఎదురుదెబ్బ తీయాలన్నా అదే క్షణం కుదరాలి. హైరూల్ కోట ముందున్న మైదానాన్ని నేను ఎప్పుడూ దాటలేకపోయాను. ఆ ఆటను పూర్తి చేయకుండానే పక్కన పెట్టాను. టియర్స్‌లో మడిల్ బడ్ పువ్వును బాణానికి కట్టి వదిలితే శత్రువులు తమలో తామే కొట్టుకుంటారు. శత్రువును వెతుక్కుంటూ వెళ్లే బండికి ఫిరంగి అతికించి, నేను దూరంగా నిలబడి ఒక లైనెల్‌ను ఓడించాను. అంతకుముందు దాన్ని చూస్తే పారిపోవడమే నాకు తెలుసు. ఆ బండిని ఎన్నోసార్లు విప్పి కట్టాను, చక్రం ఎక్కడ పెడితే బోల్తా పడదో, ఫిరంగి ఎత్తు ఎంత ఉండాలో ఆలోచించుకుంటూ కట్టాను. అది కష్టం కాదని, నేను ఆట ఆడలేదని మీరు ఏ హక్కుతో అంటున్నారు?

మంచుశిఖరం:
నడకదారి గారు ఆ మాట వెనక్కి తీసుకోవాలి.

నడకదారి:
యంత్రశాల గారి చేతి సంగతి నాకు తెలియదు. నా మాటలు ఆటను ఉద్దేశించినవే తప్ప వారిని కాదు. అయినా ఒక్క విషయం చెప్పకుండా ఉండలేను. మొదటి ఆటలో అక్కాలా పరిశోధనశాలలో ప్రాచీన బాణాలు దొరుకుతాయి. ఒక్క బాణం గార్డియన్ కంటికి తగిలితే అది కూలిపోతుంది, లైనెల్‌కు తగిలితే అది మాయమవుతుంది. అక్కడే దొరికే ప్రాచీన డాలు కిరణాన్ని తనంతట తానే తిప్పికొడుతుంది. అంటే క్షణం కుదరనివారికి మొదటి ఆట తలుపులు మూయలేదు.

యంత్రశాల:
ఆ బాణాలకు ఆటలోని డబ్బైన రూపీలతో పాటు గార్డియన్ల విడిభాగాలు కావాలి, వాటిని పోగు చేసుకుని అక్కాలా దాకా చేరాలి. అన్నీ చేసి ఆ బాణంతో లైనెల్‌ను కొడితే దాని కొమ్ము గానీ, గిట్ట గానీ ఒక్కటీ మిగలదు. బాణం ఉందని చెప్పి నన్ను ఒప్పించడం తేలిక. కానీ ఆ బాణంతో నేను పొందేది శత్రువు లేకపోవడం మాత్రమే, గెలుపు కాదు. టియర్స్‌లో నా బండి గెలిచాక ఆ లైనెల్ కొమ్ము నా కత్తి మీద ఉంది. రెండింటికీ తేడా మీకు కనిపించడం లేదా?

పాతలాంతరు:
ఇద్దరూ బాణాల దగ్గర ఆగిపోయారు. నాకు ఈ చర్చలో ఇప్పటిదాకా ఎవరూ చెప్పని మరో లోపం ఉంది. మొదటి ఆటలో మనల్ని పైకి ఎగరేసే రెవాలీ గాలి కావాలంటే బటన్ కాసేపు నొక్కి ఉంచితే చాలు. రెండో ఆటలో మనకు సాయంగా వచ్చే ఋషుల నీడలు మన చుట్టూ పరుగెడుతుంటే, కావలసిన వారిని వెతికి పక్కకు చేరి బటన్ నొక్కాలి, ఈలోగా శత్రువు కొట్టిపోతాడు. బాణానికి ఏదైనా అతికించాలన్నా ప్రతిసారీ ఆ పొడవాటి వరసలో వెతకాలి. చేతి వేగం గురించి మాట్లాడేటప్పుడు ఇది కూడా లెక్కలోకి రావాలి.

యంత్రశాల:
ఋషుల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను, అది ఆటలో అన్నిటికంటే బలహీనమైన భాగం. బాణాల వరస మాత్రం నన్ను ఇబ్బంది పెట్టదు, ఆ సమయంలో ఆట ఆగి ఉంటుంది, నేను తీరిగ్గా ఎంచుకోగలను.

నడకదారి:
నా కోపం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. మొదటి ఆట వచ్చిన తర్వాత ఈ వేదిక కోసం కొండ ఎక్కే దారులను ప్రాంతాలవారీగా రాసిపెట్టాను. ఎక్కడ గట్టు ఉంది, ఎక్కడ ఊపిరి తీసుకోవచ్చు, ఏ వైపునుంచి ఎక్కితే మొదటి స్టామినా చక్రంతోనే శిఖరం చేరవచ్చు అని ఒక్కొక్కటి ఎక్కి సరిచూసి రాశాను. ఎంతోమంది వాటితో ఎక్కి వచ్చి తమకు దొరికిన కొత్త దారులు చేర్చారు. కొత్త ఆటలోనూ అవే కొండలు, అవే గట్లు ఉన్నాయి, కానీ ఆ దారులు ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి. యంత్రశాల గారు హోవర్‌బైక్ గురించి చెప్పినప్పుడల్లా నాకు వినిపించింది అదే.

ఇప్పుడు అసలు మాట చెబుతాను. ఒక ప్రపంచం నమ్మదగినదిగా ఉండాలంటే అది మనకు కాదని చెప్పగలగాలి. కొండ ఇప్పుడు కాదని చెబుతుంది, మనం వెనక్కి వెళ్లి ఇంకో దారిన వస్తాం, ఆ కాదనడం వల్లే ఆ కొండ మనకు గుర్తుంటుంది. రెండో ఆట దేనికీ కాదని చెప్పదు. అందుకే అందులో చేసినవి గుర్తున్నాయి గానీ, తిరిగిన చోట్లు నాకు గుర్తు లేవు.

నిశాచరి:
లైట్‌రూట్‌లు వెలిగించకముందు డెప్త్స్‌లోకి హోవర్‌బైక్ మీద వెళ్తే చీకట్లో కనిపించని గోడకు కొట్టుకుని, ప్రాణాన్ని తినే గ్లూమ్ అనే పదార్థంలో పడి, ప్రాణాన్ని లెక్కించే గుండెలు ఒక్కొక్కటే విరిగిపోతాయి. అక్కడ ఆట గట్టిగానే కాదని చెబుతుంది.

నడకదారి:
డెప్త్స్ మొదటి గంటల్లో అది నిజం. అందుకే రెండో ఆటలో నాకు నచ్చిన భాగం కూడా అదే.

యంత్రశాల:
మీ దారుల పట్టికను నేను చూశాను, నడకదారి గారూ. మొదటి ఆట ఆడిన రోజుల్లో దాన్ని పక్కన పెట్టుకునే డ్యూయలింగ్ పీక్స్ ఎక్కాను. ఎక్కడం నాకు కుదిరేది, ఎందుకంటే దానికి క్షణం అక్కర్లేదు, ఓర్పు చాలు. ఆ పని వృథా అని నేను ఎప్పుడూ అనలేదు.

కానీ మీరన్న అసలు మాట దగ్గరే మనకు పడదు. కాదనడం వల్ల ప్రపంచం నమ్మదగినదవుతుందని మీరంటున్నారు. ఆ కాదనడం ఆటలోకి వచ్చాక మీకు మొదటిసారి ఎదురైంది, దాన్ని జయించడంలో మీకు సంతోషం దొరికింది. నాకు అది ఆట తెరవకముందే రోజంతా ఎదురవుతూ ఉంటుంది. ఇంకొంచెం కాదనిపించుకోవడానికి నేను ఆట ఆడను. నేను ఒక ఆలోచన చేస్తే, అది ఎంత వింతగా ఉన్నా, సరే చేసి చూడు అనే ప్రపంచం కావాలి. 2017 ఆట నాకు ఆ మాట అప్పుడప్పుడు చెప్పింది. 2023 ఆట ప్రతిసారీ చెప్పింది.

పాతలాంతరు:
ఈ మాటలు మొదటి రోజే రాసి ఉంటే బాణాల వాదన అవసరమయ్యేది కాదు.

నడకదారి:
యంత్రశాల గారు ఆట ఆడలేదన్న మాటను ఉపసంహరించుకుంటున్నాను. ఆ బండి సంగతి చదివాక అది ఆడడం కాదని ఎవరూ అనలేరు. నా తీర్పు మాత్రం మారలేదు. రెక్కకు పెట్టిన కాలపరిమితిని ఫ్యాన్‌కు కూడా పెట్టి ఉంటే, కొండలు కొండలుగా మిగిలేవి, మీ బండ్లు మీకు ఉండేవి. ఆ ఒక్క నియమం ఉండి ఉంటే నేను రెండో ఆటకే ఓటు వేసేవాడిని.

యంత్రశాల:
ఆ ఒక్క నియమం ఉండి ఉంటే నేను హైరూల్ కోటను ఈసారి కూడా బయటినుంచే చూసేవాడిని. ఫ్యాన్లు మాయమవకపోవడం వల్లే దాని పైఅంతస్తు దాకా ఎగిరి చేరగలిగాను.